బస్సుకీ ఓ దారి!

మెట్రో రైలంటే వేల కోట్ల ఖర్చు. అంత డబ్బులేని ఊరు ఏం చేయాలి? 1970ల్లో బ్రెజిల్‌లోని కురితిబా నగరానికి ఎదురైన ప్రశ్నే ఇది.

అప్పటి మేయర్ జైమీ లెర్నర్ స్వయంగా ఆర్కిటెక్టు. రైలుకి పట్టాలున్నట్టే బస్సుకీ సొంత దారి ఇస్తే పోలా అనుకున్నాడాయన. అలా 1974లో రోడ్డు మధ్యన బస్సుల కోసమే ప్రత్యేక దారులు వచ్చాయి. 1991లో గాజు గొట్టాల్లాంటి స్టేషన్లూ వెలిశాయి. స్టేషన్లోకి వెళ్తూనే టికెట్ డబ్బు కట్టేయాలి. ప్లాట్‌ఫామూ, బస్సూ ఒకే ఎత్తు. దాంతో మెట్లెక్కే అవస్థ లేదు, చిల్లర కోసం పేచీ లేదు, బస్సు ఆగేది కాసేపే!

ఈ కిటుకు కొలంబియా రాజధాని బొగోటాకి నచ్చింది. అక్కడ 2000లో 'ట్రాన్స్‌మిలెనియో' మొదలైంది. అదే బాటలో 2009లో మన అహ్మదాబాద్‌లో 'జన్‌మార్గ్' వచ్చింది.

అంతకు ఏడాది ముందే దిల్లీ కూడా ప్రయత్నించింది. అంబేడ్కర్‌నగర్ నుంచి మూల్‌చంద్ దాకా సుమారు ఆరు కిలోమీటర్లు బస్సులకు దారి వేసింది. కానీ ముందే టికెట్ కొనే స్టేషన్లు కట్టలేదు. బస్సుల దారిలోకి ఇతర వాహనాలూ దూరిపోయేవి. సిగ్నళ్ల దగ్గర కార్లు బారులు తీరేవి. చివరికి 2016లో దాన్ని తొలగించారు.

'బీఆర్‌టీఎస్ రోడ్డు' అన్న మాట విజయవాడ, విశాఖ వాసులకూ కొత్తకాదు. రోడ్డు వేయగానే సరిపోదు, ఆ దారి బస్సుకే దక్కాలి. పక్కింటి వంట చూసి మనమూ వండుకోవడంలో తప్పులేదు. ఉప్పు వేయడం మరిచిపోకూడదంతే!