రిటైరైనవారికి అదనపు ఆరోగ్య బీమా అవసరమేనా?

మా పాన్‌గల్‌లో జుమా నమాజు ముగించుకొని మస్జిదు బయటికి వచ్చే పెద్దల నోట ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. "మౌల్వీ సాబ్, రిటైరయ్యాం. పిల్లలేమో హెల్త్ పాలసీ తీసుకోమంటున్నారు. కట్టాలా వద్దా? కడితే జాయిజేనా?" ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి లెక్కకు సంబంధించినది. రెండోది షరీఅత్‌కు సంబంధించినది. రెండోదాన్ని సాకుగా చూపి మొదటిదాన్ని ఆలోచించడమే మానేసేవారు మనలో ఎక్కువగా ఉన్నారని మా అభిప్రాయం.

ముందుగా చేతిలో ఏమున్నదో చూసుకోవాలి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలిసారి ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. అప్పట్లో కుటుంబానికి రెండు లక్షల దాకా ఉన్న పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచింది. ఆహార భద్రత కార్డున్న కుటుంబం పది లక్షల చికిత్స చేతిలో ఉండగా, ఏజెంటు మాట విని మామూలు పాలసీ ఇంకొకటి కొనడం మాకు అనవసరమనే తోస్తుంది. ఆ డబ్బు నెలనెలా బీపీ, షుగరు మాత్రలకు పనికొస్తుంది. మామూలు పాలసీలు ఇంట్లో ఉండి వాడుకొనే మందుల ఖర్చు ఇవ్వవన్న సంగతి చాలామందికి తెలియదు. ముసలితనంలో జేబు ఖాళీ చేసేవి ఆ మాత్రలే కదా!

పెన్షనర్ల సంగతి వేరు. వారికి ఆరోగ్యశ్రీ వర్తించదు. ఉద్యోగులకు, పెన్షనర్లకు ఉమ్మడి రాష్ట్రంలో 2013లో నగదు రహిత వైద్య పథకం తెచ్చారు. కాగితం మీద మంచి పథకమే. కాని బకాయిలు రాలేదంటూ ప్రైవేటు ఆసుపత్రులు వెనుకాడడం పెన్షనర్లందరికీ అనుభవమే. 2025 సెప్టెంబరులోనైతే ఇదే బకాయిల గొడవతో ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్ని రోజులు సేవలే నిలిపివేశాయి. గుండెపోటు ఆ గొడవ తీరేదాకా ఆగదు. 70 ఏళ్లు దాటిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఐదు లక్షల వైద్యం అందించే ఏర్పాటును కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ కింద ప్రారంభించింది. అది ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో జబ్బు రాకముందే విచారించి పెట్టుకోవాలి. గద్వాల, అలంపూర్ ప్రాంతాల వారు తాతల కాలం నుంచీ వైద్యానికి కర్నూలు వెళతారు. 2014 జూన్ తర్వాత అది వేరే రాష్ట్రం. మన రాష్ట్ర కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో అడగకుండా బస్సెక్కడం మంచిది కాదు.

కనుక పెన్షనరుకు అదనపు బీమా దండుగ అనలేము. అయితే ఏ రకం? సూపర్ టాప్-అప్ అనేది ఒకటుంది. ఏడాదిలో ఆసుపత్రి ఖర్చు ఒక హద్దు దాటాకే అది పనిచేస్తుంది, అందుకే ప్రీమియం తక్కువ. హద్దు ఐదు లక్షలు పెట్టుకుంటే ఇంకా చవక. ఇక్కడే ఒక మెలిక ఉంది. ప్రభుత్వ పథకాన్ని ఒప్పుకోని ఆసుపత్రిలో చేరితే ఆ మొదటి ఐదు లక్షలు ఎవరు కట్టాలి? మనమే. అందుచేత ప్రీమియం చవక అని కాక, అవసరమొస్తే అప్పు చేయకుండా మనం తీయగలిగిన సొమ్ము ఎంతో అంతవరకే హద్దు పెట్టుకోవాలి. రెండు లక్షలు తీయగలిగినవాడు రెండే పెట్టుకోవాలి.

2024 ఏప్రిల్ నుంచి 65 ఏళ్లు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వరాదన్న అడ్డంకి తొలగింది. పాత జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. ముప్పై వేల ప్రీమియం అనుకుంటే 5,400 రూపాయలు మిగిలినట్లే.

ఇక ధర్మసమ్మతి. కంపెనీ బీమాలో గరర్, అంటే అనిశ్చితి ఉన్నదనీ, సొమ్ము వడ్డీ వ్యాపారంలో తిరుగుతుందనీ ఉలమాల అభ్యంతరం. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1985లో వాణిజ్య బీమాను నిషిద్ధమని తీర్మానించి, పరస్పర సహకార బీమాను ప్రత్యామ్నాయంగా చూపింది. సిరియాకు చెందిన ముస్తఫా జర్ఖా వంటి ఫిఖ్ పండితులు మాత్రం బీమా ఒప్పందం స్వతహాగా అనుమతించదగినదే అన్నారు. సూడాన్‌లో 1979లోనే తకాఫుల్ కంపెనీ వెలిసింది. మలేషియా 1984లో అందుకు చట్టం చేసింది. మన దేశంలో అలాంటి కంపెనీ లేదు. ఉంటే ఈ ప్రశ్నే రాదు.

మమ్మల్ని కలవరపెట్టేది మరొకటి. వడ్డీ అంటుకుంటుందని బీమాకు దూరంగా ఉన్న ఇంట్లోనే, ఆపరేషన్ అనగానే నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తున్నారు. బీమాలో ఉలమాల మధ్య భేదాభిప్రాయమైనా ఉంది. ఈ వడ్డీలో ఏ భేదాభిప్రాయమూ లేదే! ఆ వడ్డీకి పొలం పోతుంది, కూతురి పెళ్లి ఆగిపోతుంది. తవక్కుల్ అంటే ఇది కాదు. ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పిన సంగతి పిల్లలకు మేము మక్తబ్‌లోనే చెబుతుంటాం. తన పరిస్థితి, తన కార్డు, తన జబ్బు వివరంగా చెప్పి నమ్మకమైన ముఫ్తీ సాహెబ్‌ను అడగాలి. "బీమా హలాలా, హరామా?" అని గాలిలో అడిగితే జవాబూ గాలిలోనే వస్తుంది.

మహల్లాలో ప్రతి ఇల్లూ నెలకు వంద రూపాయలు అతియాగా వేసి వైద్య నిధి పెట్టుకోవచ్చు. రెండు వందల ఇళ్లుంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. పెద్ద ఆపరేషన్‌కు చాలకపోవచ్చు, కాని అడ్వాన్సు కట్టలేక గుమ్మంలో నిలబడే దుస్థితి తప్పుతుంది. జకాత్ సొమ్మును ఇందులో కలపరాదు, దాని హక్కుదారులు వేరు.

పాలసీయే తీసుకుంటే ఫారం మీద నిజం రాయాలి. "షుగర్ రాయకండి చాచా, ప్రీమియం పెరుగుతుంది" అనే ఏజెంటు క్లెయిమ్ నాడు కనబడడు. అబద్ధం పాపం, పైగా క్లెయిమ్ తిరస్కరణకు అదే కారణమవుతుంది. గది అద్దె పరిమితి ఎంత, బిల్లులో మన వాటా ఎంత శాతం, కంటి శుక్లాలకు, మోకాలి మార్పిడికి ఎన్నేళ్లు ఆగాలి అన్నవి చదువుకున్న మనవడి చేతనో మనవరాలి చేతనో బిగ్గరగా చదివించుకోండి. నచ్చకపోతే కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. క్లెయిమ్ అన్యాయంగా ఆపితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అక్కడ తేలకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.