కారుకున్న కాగితాలు కూలీకి వద్దా?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏ కారునైనా విదేశానికి పంపాలంటే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, కస్టమ్స్‌వారికిచ్చే షిప్పింగ్ బిల్లు, ఓడవారిచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ వుండితీరాలి. ఛాసిస్ నంబరు తప్పుపడితే బండి రేవులోనే ఆగిపోవచ్చు. అందుకే కంపెనీలు ఈ పనికి తెలిసినవారినే పెట్టుకుంటాయి.

ఇదే జిల్లాలోని నల్లచెరువు, కదిరి పల్లెల నుంచి కువైట్‌కు పోయే కూలీల కాగితాలు చూసే దిక్కెవరు? చదవలేని భాషలోని ఒప్పందంపై సంతకం చేసి, విజిట్ వీసాతో పనికిపోయి చిక్కుల్లో పడేవారున్నారు.

1983 నాటి వలస చట్టం ప్రకారం పదో తరగతి ప్యాసుకాని కూలీలు కువైట్‌కు పనికిపోవాలంటే ప్రభుత్వానుమతి పొందాలి. రిజిస్టరైన ఏజెంటు తన రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోరాదు. అనుమతితో పోయినవారు ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయల బీమా వుంది. దొడ్డిదారిన పోయినవారికి ఈ రక్షణ లేదు.

మండల కార్యాలయంలో వారానికొక రోజైనా వీసా, ఒప్పందం తెలుగులో చదివి చెప్పే ఏర్పాటును అధికారులు చేయాలి. అప్పు చేయకముందే ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడగడం, ప్రతి కాగితం నకలు ఇంట్లో వుంచుకోవడం ప్రజలూ అలవాటు చేసుకోవాలి.