కిటికీ లేని గదిలో గోంగూర

సూరత్‌లో ఉధ్నా, లింబాయత్ వైపు వెళ్తే పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య తెలుగు వినిపిస్తుంది. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి నేత పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఉన్న ఒక్క కిటికీ కూడా చాలాసార్లు ఇరుకు సందులోకే తెరుచుకుంటుంది. తులసి కోటకే చోటు దొరకని ఇంట్లో గోంగూర మడి ఊహకు కూడా అందదు.

అలాంటి ఇంట్లోనూ ఎల్‌ఈడీ దీపం కింద ఆకుకూర పెంచవచ్చు. ఆ దీపాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు కూడా. అయితే ఏ మొక్కకు ఎంత వెలుగు కావాలి, దానికి ఎంత కరెంటు ఖర్చవుతుంది అనే లెక్క ముందు వేసుకోవాలి. ఆ లెక్క చెప్పకుండా ‘గ్రో లైట్’ పేరుతో ఊదా రంగు దీపాలు అమ్మడం కొనేవాళ్లకు అన్యాయం.

ఆ ఊదా రంగుకు ఒక చరిత్ర ఉంది. 1980ల చివర్లో నాసా తోడ్పాటుతో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎర్ర ఎల్‌ఈడీల కింద మొక్కలు పెంచి చూశారు. గట్టిగా వెలిగే నీలం ఎల్‌ఈడీ అప్పటికింకా లేదు. 1990ల తొలినాళ్లలో జపాన్‌లో అది సాధ్యమైంది. ఆ కృషికి అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. ఎరుపు, నీలం కలిస్తే ఊదా. అంతరిక్ష పరిశోధనలో మొదలైన ఆ రంగు బజారుకెక్కి, మొక్కలకు అదొక్కటే పనికొస్తుందన్న నమ్మకంగా స్థిరపడింది.

ఆ నమ్మకం తప్పని 1972లోనే తేలింది. మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకులను పరీక్షించి, 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న వెలుగునంతా, ఆకుపచ్చతో సహా, మొక్క వాడుకుంటుందని చూపించాడు. మనం వాడే తెల్ల ఎల్‌ఈడీలో ఉన్నది నీలం చిప్పే, పైన పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. దాని వెలుగులో మొక్కకు కావాల్సిన రంగులన్నీ ఉంటాయి. పైగా ఆకు పండుబారిందా, తెగులు పట్టిందా అన్నది ఊదా వెలుగులో కంటికి ఆనదు. వజ్రాల రంగును తెల్లటి వెలుగులో పెట్టి నిర్ణయించే ఊరు సూరత్. ఇక్కడివాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

తెల్ల దీపాలు అందుబాటు ధరలో దొరుకుతున్నాయి కూడా. ఉజాలా పథకం కోసం ప్రభుత్వం కొన్న ఎల్‌ఈడీ బల్బు ధర 2014లో 310 రూపాయలుంటే 2016కల్లా 38 రూపాయలకు దిగింది.

ఇక లెక్క. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న అరమీద 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు (ట్యూబ్‌లైట్లలాంటివి) రెండు బిగిస్తే, కింద పడే వెలుగు దాదాపు 7,000 లక్స్. ఫోన్‌లో ఉచితంగా దొరికే లక్స్ మీటర్‌తో ఉజ్జాయింపుగా కొలుచుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్, గదిలో మామూలు దీపం వెలుగు 200, 300 లక్స్. మనకు వెలుతురుగానే ఉన్న గది మొక్కకు చీకటి కొట్టు. ఈ రెండు బ్యాటెన్లు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు దాదాపు 17 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయలనుకుంటే 120 రూపాయలు. ఆ వెలుగుకు మెంతి, ఆవ మొలకలు వారం పది రోజుల్లో కోతకొస్తాయి, పుదీనా బతుకుతుంది. తోటకూర గుబురుగా రావాలంటే మాత్రం బ్యాటెన్లు నాలుగు కావాలి, బిల్లు రెట్టింపవుతుంది. ఆ డబ్బుకు బజారులో దొరికే తోటకూరే ఎక్కువ. పెద్ద ఆకుకూరలన్నీ దీపం కిందే పెంచుతామనుకోవడం దండగ. డాబా మీద చోటుంటే ముందు దాన్ని వాడుకోవాలి.

గోంగూర కథ వేరు. మొక్కకు వెలుగు తిండి మాత్రమే కాదు, గడియారం కూడా. గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1920లోనే ఈ సంగతి బయటపెట్టారు. పగలు కురచైతే గోంగూర పూతకొస్తుంది, పూతకొచ్చాక ఆకు తగ్గిపోతుంది. సూరత్‌లో డిసెంబరు పగలు 11 గంటలు కూడా ఉండదు. కిటికీ పక్కనో మెట్ల మీదో కాస్త ఎండ తగిలే కుండీకి సాయంత్రం నాలుగు గంటలపాటు 9 వాట్ల బల్బు ఒకటి వెలిగిస్తే చాలు. మొక్క దాన్ని పగలుగానే లెక్కేసుకుని ఆకు వేస్తూ పోతుంది. నెలకు ఖర్చయ్యేది ఒకే ఒక్క యూనిట్! కొత్తిమీరది దీనికి తలకిందుల స్వభావం. పగలు పొడుగైన కొద్దీ తొందరగా పూతకొస్తుంది కాబట్టి దానికి 12 గంటలు మించకూడదు.

ఇంత చవగ్గా అయ్యే పనిలో ప్రాణం మీదికి తెచ్చే చోటు ఒక్కటే, కరెంటు. చవక బ్యాటెన్లలో చాలావాటి లోపలి భాగాలు నేరుగా మెయిన్ లైన్‌తో కలిసి ఉంటాయి. వెలుగు పెరుగుతుందని పైమూత ఊడదీస్తే తడిచేయి తగలడమే తరువాయి. సొంతంగా దీపం కట్టుకునేవాళ్లు 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను అల్యూమినియం చానెల్‌కు అంటించి, బీఐఎస్ గుర్తున్న అడాప్టర్‌తో నడపాలి. స్ట్రిప్ 3 ఆంపియర్లు లాగితే 5 ఆంపియర్ల అడాప్టర్ తీసుకోవాలి. అడాప్టర్ కుండీల కన్నా ఎత్తులో, వైరు ప్లగ్ దగ్గరికి చేరేముందు కిందికి వంగి ఉండేలా చూసుకోవాలి. అప్పుడు నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఇంటికి ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే, దీపం కన్నా ముందు అవి పెట్టించుకోవాలి.

గ్రో లైట్ అమ్మే కంపెనీలు డబ్బా మీద ల్యూమెన్లు వేసి ఊరుకుంటే సరిపోదు. ల్యూమెన్ మనిషి కంటికి కట్టిన కొలత. మొక్కకు అందే ఫోటాన్లు ఎన్నో, ఎంత దూరంలో కొలిచారో ముద్రించాలన్న నిబంధన రావాలి.

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. ఆ బడుల ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ సెప్టెంబరులో రెండు కుండీల్లో గోంగూర విత్తించండి. సాయంత్రాలు ఒకదానికి 12 వోల్టుల దీపం పెట్టించి, రెండోదాన్ని అలాగే వదిలేయించండి. ఏది ఎప్పుడు పూసిందో, ఏది ఎంత ఆకు ఇచ్చిందో పిల్లల చేతే రాయించండి. కిటికీ లేని గదుల నుంచి వచ్చే పిల్లలకు ఆ పట్టిక ఇంట్లోనూ పనికొస్తుంది.