చెయ్యెత్తడం మానేసింది మనమే

కాకినాడ నుంచి కోటిపల్లి దాకా నడిచిన రైలుబస్సు గురించి ఇప్పుడు అందరం ప్రేమగా చెప్పుకుంటున్నాం. నడిచిన రోజుల్లో ఎక్కినవాళ్లం ఎంతమందిమి?

ఆ దారి మనకు ఊరికే రాలేదు. 1928లో వేసిన పట్టాల్ని యుద్ధ అవసరాలకని 1940లో పీక్కుపోయారు. మళ్లీ వెయ్యమని మన పెద్దలు ఏళ్ల తరబడి అడిగారు. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పట్టుబట్టి పని మొదలెట్టించారు. 2004లో బండి కదిలేనాటికి ఆయన లేరు. 1940లో అంటే లాక్కున్నారు. ఈసారి లాక్కున్నవాళ్లెవరూ లేరు.

ఒకటే పెట్టె. చెయ్యెత్తితే ఆగుతుందని పేరు. గేటు వస్తే సిబ్బందే దిగి వేసి, బండి దాటాక తీసి, మళ్లీ ఎక్కేవారు. ఆ నిదానం చూసి ముచ్చటపడ్డాం, ఫొటోలు తీసుకున్నాం. పనుంటే మాత్రం ఆటో ఎక్కాం, లేదా సొంత బండి స్టార్ట్ చేశాం. ద్రాక్షారామం గుడికైనా, కోటిపల్లి రేవుకైనా అంతే. వేళకు ఉండేది కాదు కదా అంటాం. నిజమే, రోజుకు ఒక్క ట్రిప్పుతో ఎవరి పనులు అవుతాయి? కానీ ఎక్కేవాళ్లు లేని బండికి రెండో ట్రిప్పు ఎవరు వేస్తారు?

టికెట్టు సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. దగ్గరేగా అని తీసుకోకుండా దిగిపోయిన రోజులున్నాయి, నాకూ ఉన్నాయి. నాలుగు రూపాయలు మిగిలాయనుకున్నాం. హాల్టు బతికేది అమ్ముడైన టికెట్ల లెక్క మీద. ఆ లెక్కలో టికెట్టు కొననివాడు ప్రయాణికుడే కాడు. బండిలో కూర్చుని కూడా లేనట్టే రాయించుకున్నాం.

2020లో కోవిడ్‌కి దేశమంతటా రైళ్లు ఆగినప్పుడు ఇదీ ఆగింది. ఆగిన మరుసటి నెల మన ఇళ్లలో ఏ పనైనా ఆగిందా? నా ఇంట్లో ఆగలేదు. అందుకే మళ్లీ నడపమని నేను అడగలేదు. అడిగినవాళ్లు కొందరున్నారు, వాళ్ల వెనక నిలబడలేదు. బండి ఎక్కక తప్పని ముసలివాళ్లు, బుట్టలవాళ్లు ఉన్నారని తెలుసు. వాళ్లకూ ఏదో ఒక ఆటో దొరుకుతుందిలే అనుకున్నాం. ఆ ఆటో కిరాయి మనం కట్టలేదు.

కోటిపల్లి నుంచి నరసాపురం లైను కోసం గౌతమి గోదావరి మీద వంతెన స్తంభాలు లేచాయి. రేపు ఆ బండి మన చిన్న ఊళ్లలో ఆగితే, దయచేసి ఎక్కండి. రెండు స్టేషన్లకైనా టికెట్టు కొనండి. హాల్టు ఎత్తేస్తామన్న కబురు వస్తే, ఈసారైనా అర్జీ మీద సంతకం పెట్టడానికి ఇంటికొకరం వెళదాం.