పట్టా పుచ్చుకున్న తరువాత

పట్టభద్రుడనగానే బ్యాంకు, బడి, కచేరీ ఉద్యోగాలే మనకు స్ఫురిస్తాయి. తాగుడుకు బానిసైన వారికి చికిత్సను, ఇంట దెబ్బలు తినే స్త్రీలకు రక్షణను సమకూర్చడం కూడా గౌరవప్రదమైన వృత్తియే అని మా అభిప్రాయం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లో సడలిపోయింది. దుకాణం మూసినంత మాత్రాన వ్యసనం పోదు. తాగుడు మానినంత మాత్రాన ఎత్తిన చెయ్యి దిగుతుందనీ నమ్మరాదు. కనుక ముందు ఇల్లాలి క్షేమం చూడాలి. 2006 అక్టోబరులో అమలులోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం ఆమెకు ఆ ఇంట నివసించే హక్కునిచ్చి, సహాయానికి రక్షణాధికారిని ఏర్పరచింది.

అయితే వజ్రపుకొత్తూరు తీరగ్రామాల నుండి గాని, పలాస జీడిపప్పు కార్ఖానాల నుండి గాని శ్రీకాకుళం పోయి రావాలంటే ఒకనాటి కూలి పోయినట్లే. సేవాకేంద్రం ఎక్కడ నెలకొల్పాలి, ఏ సంస్థకు అప్పగించాలి, వెచ్చించిన సొమ్ము బాధితులకు అక్కరకు వచ్చిందా అని నిర్ణయించి లెక్క చూడగల విద్యావంతులు అందుకే కావాలి. వారు మన ఉద్దానం బిడ్డలైతే మరీ మేలు.

కళాశాల కమిటీ పెద్దలు ఏటా ఒకనాడైనా రక్షణాధికారిని ఆహ్వానించి విద్యార్థులతో మాట్లాడించవలసిందిగా కోరుతున్నాము.