దొంగా అని కేకవేసే ముందు

మనవారిలో ఒక ఆచారం స్థిరపడిపోయింది. తన వ్యాసమో, ఛాయాచిత్రమో తన పేరు లేకుండా మరెక్కడైనా కనబడగానే నోట వచ్చే మొదటి మాట "దొంగ". ఆ మనిషికి నేరుగా ఒక వేగు రాసి అడగడమన్నది చిట్టచివరి సంగతి, అదీ ఓపిక మిగిలి ఉంటే. ఈ ఆచారం తప్పని నా వాదన. కొందరు మిత్రులకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

ముందు నా నిర్వాకం చెబుతాను. నేను తీసిన ఒక గాలిగోపురం బొమ్మను, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చునన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో పెట్టాను. కొన్నాళ్ళకు ఒక చిన్న స్థలపురాణం అట్టమీద అది కనబడింది. నా పేరు లేదు. వెల మాత్రం ఉంది, 20 రూపాయలు. నలుగురూ చూసేచోట ఆ ప్రచురణకర్తను చెడామడా కడిగేశాను. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడనీ, పింఛను డబ్బుతో పుస్తకం వేశారనీ తరువాత తెలిసింది. "ఉచితం" అన్న మాట ఆయన చెవిని పడింది, షరతు పడలేదు. మిగిలిన ప్రతుల అట్టలన్నీ చింపించేశారు. నాకు రాసిన ఉత్తరంలో ఉన్నది ఒకటే వాక్యం: "ఇకమీదట ఎవరి బొమ్మా వాడను బాబూ." నా పేరుతో చిన్న చీటీ అంటిస్తే సరిపోయేది. నేను అడగలేదు, ఆయనకు తోచలేదు.

అంతకన్నా సిగ్గుచేటైన విషయం మరొకటుంది. వెల పెట్టి అమ్మడాన్ని కూడా నేను ఆయన నేరాల్లో జమకట్టాను. నేను ఎంచుకున్న లైసెన్సు వ్యాపారానికి వాడుకోవడాన్ని నిక్షేపంగా ఒప్పుకుంటుంది! నా లైసెన్సును నేనే సరిగా చదవకుండా, చదవలేదని ఆయన్ను తిట్టానన్నమాట.

ఆ లైసెన్సులు రాసినవారికి మనకన్నా ఓర్పు ఎక్కువ. క్రియేటివ్ కామన్స్ 3.0లో షరతు తప్పిన క్షణాన అనుమతి రద్దయ్యేది. 2013లో వచ్చిన 4.0లో, తప్పు తెలిసిన 30 రోజుల్లోగా దిద్దుకుంటే అనుమతి దానంతటదే తిరిగి వస్తుంది. సాఫ్ట్‌వేరుకు వాడే జీపీఎల్ మూడవ కూర్పు, 2007లోనే, మొదటిసారి తప్పినవారికి నోటీసు అందాక 30 రోజులు గడువిచ్చింది. పాత కూర్పుల కాఠిన్యాన్ని ఆసరా చేసుకుని, బొమ్మలను ఎరవేసి, పేరు మరచినవారికి లాయరు నోటీసులు పంపి సొమ్ము గుంజేవారు కొందరు పాశ్చాత్య దేశాల్లో తయారయ్యారు. వారిని "కాపీలెఫ్ట్ ట్రోల్" అంటారు. మనం సొమ్ము అడగం, నిజమే. పరువు అడుగుతాం.

"మెత్తగా అడిగితే పెద్దవాళ్ళు లెక్కచేస్తారా?" అంటారు. మెత్తగా అడగమని నేననలేదు, మర్యాదగా అడగమన్నాను. ఒక పత్రిక నా వ్యాసాన్ని పేరు తీసేసి అచ్చువేసింది. రెండు వేగులకు జవాబు లేదు. మూడవదానిలో 1957 నాటి కాపీరైటు చట్టం 57వ సెక్షనును ఉదహరించాను: హక్కులన్నీ రాసిచ్చేసినా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు పోదు. కింద ఒక గడువు తేదీ వేశాను. వారం తిరగకుండా సవరణ పడింది. మూడింటిలోనూ పరుషమైన మాట ఒక్కటీ లేదు. ఏ రచన, ఎక్కడ వాడారు, ఏమి లోపించింది, ఏ వాక్యం చేర్చాలి, ఇంతే. ఆ వాక్యాన్ని కూడా నేనే రాసి ఇచ్చాను: నా పేరు, లైసెన్సు పేరు, దాని లంకె. సంపాదకుడికి వెతుక్కునే పని ఎందుకు పెట్టాలి?

మొన్న ఆ మాస్టారికి అదే గోపురం బొమ్మలు మరో ఆరు తపాలాలో పంపాను, ఒక్కొక్కదాని వెనక అచ్చువేయవలసిన వాక్యం రాసి, క్షమాపణ జతచేసి. జవాబు ఇంకా రాలేదు.