గడప దగ్గరి వెలుతురు చాలు, మన పెద్దోళ్ల ఫోటోలు తీసిపెట్టుకుందాం

కంది కోతలు అయిపోయినయి, చాలామంది కల్లాలు కూడా ఎత్తేసిండ్రు. ఈ నాలుగు రోజులు కొంచెం తీరిక ఉంటది కాబట్టి ఎప్పటి నుంచో రాద్దామనుకుంటున్న ముచ్చట రాస్తున్న. కంది ధర గురించి కాదు, యూరియా గురించి కాదు. ఫోటోల గురించి. నవ్వకుండ్రి, సాంతం చదవండి.

మా అవ్వ పోయినప్పుడు దినాలకు పెడదామంటే ఇంట్ల ఒక్క మంచి ఫోటో దొరకలే. అందరి ఫోన్లు వెతికినం. మనుమరాలి పెండ్లి ఆల్బం మొత్తం తిరగేసినా అవ్వ లేదు. నాయిన పోయినంక ఆమె శుభకార్యాలల్ల ముందుకు రాకపోయేది, పక్కకు నిలబడేది. మేము కూడా చెయ్యి పట్టుకొని పిలువలే. ఆ తప్పు మాదే. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దగ చేయించినం. మొఖం తెల్లగ చేసిండ్రు, ముడతలు తుడిచేసిండ్రు, ఎన్నడూ కట్టని పట్టుచీర అతికించిండ్రు. దండ అయితే వేసినం గానీ, ఆ గోడ మీద ఉన్నది మా అవ్వ కాదు.

అందుకే నా మాట ఏందంటే, పెద్దోళ్ల ఫోటో వాళ్లు మంచిగ తిరుగుతున్నప్పుడే, వాళ్ల ఇంట్లనే, మన చేతులతోనే తీయాలె. పెద్ద కెమెరా వద్దు, గొడుగు లైట్లు వద్దు. మన చేతిల ఉన్న ఫోన్ చాలు. రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటరు, ఆరో నిజాం దగ్గర ఫోటోలు తీసినాయన. ఆ కాలంల స్టూడియోలంటే పగటి వెలుతురే. అద్దాల కప్పు వేసి, తెరలు అటు ఇటు జరిపి మొఖం మీదికి వెలుతురు తెచ్చుకునేటోళ్లు. మనకు అద్దాల కప్పు లేకున్నా దర్వాజ ఉన్నది కదా.

ఏ దర్వాజ అంటే, ఎండ నేరుగ పడనిది. పొద్దుగాల అయితే పడమర దర్వాజ, సాయంత్రం అయితే తూర్పు దర్వాజ. ఉత్తరం దర్వాజ ఉన్నోళ్లకు ఈ చలికాలం అంతా ఏ టైమైనా మంచిదే. ఇంట్ల బల్బులు అన్నీ బందు పెట్టాలె, లేకుంటే ఒక చెంప పసుపుగ, ఒక చెంప నీలంగ వస్తది. గడప నుంచి రెండు మూడు అడుగులు లోపలికి కుర్చీ వేసి, మొఖం కొంచెం దర్వాజ దిక్కు తిప్పి కూసోబెట్టాలె. మనం వెలుతురుకు అడ్డం రాకుండ గోడ పక్కకు నిలబడాలె. ఒక చెంప మీద వెలుతురు, ఒక చెంప మీద నీడ, కండ్లల్ల దర్వాజ మెరుపు. ముడతలు ఒక్కొక్కటి కనబడుతయి. కనబడనీయండి, ఎండల పనిచేసి సంపాదించినవే కదా.

నేను మొదట మా చిన్నమ్మ మీద మొదలుపెట్టిన. మా గోడలకు చిలుకపచ్చ రంగు ఉన్నది, ఆమె నీడ చెంప కూడా పచ్చగనే వచ్చింది. ఎందుకో సమజ్ కాలే. తర్వాత ఆ గోడకు తెల్ల పంచె కట్టి తీసిన. పచ్చదనం పోయింది, నీడ కూడా మెత్తబడ్డది. మా ఇంట్ల పరిచినయి తాండూరు బండలే, తడిబట్ట పెట్టి తుడిస్తే అవి కూడా కింది నుంచి ఇంత వెలుతురు ఇస్తయి.

వెనుక నల్ల గొంగడి కట్టిన, ఆమెకు మూడు అడుగుల దూరంల. ఇక్కడొక తిరకాసు ఉన్నది. వెనుక నలుపు ఉంటే ఫోన్ చీకటి అనుకొని మొఖాన్ని సున్నం కొట్టినట్టు చేస్తది. తెరమీద మొఖం దగ్గర వేలు పెడితే చాలా ఫోన్లల్ల సూర్యుని గుర్తు వస్తది, దాన్ని కిందికి గుంజితే మనిషి అసలు రంగు వస్తది. దగ్గరికి పోయి తీయొద్దు, ముక్కు పెద్దగ వస్తది. ఐదారు అడుగులు వెనుకకు జరిగి రెండింతల జూమ్ పెట్టుకోండి. అన్నిటికంటే ముందు ఫోన్ వెనుక అద్దం తుడవండి, మన చేతుల మట్టి అంతా దానిమీదనే ఉంటది.

గొంగడి తీసి తెల్ల పంచె కడితే పాస్‌పోర్ట్ సైజు ఫోటో కూడా అయితది. పీఎం కిసాన్ యాప్‌ల 2023 నుంచి ముఖం చూపించి ఈ-కేవైసీ చేస్తున్నం కదా, పని చేసి చేసి వేలిముద్రలు అరిగినోళ్లకు అదే దిక్కు. అది కూడా ఈ గడప దగ్గరనే కూసోబెట్టి చేయండి.

వెలుతురు కంటే కష్టమైంది మనిషిని ఒప్పించుడు. చిన్నమ్మ ఏమన్నదో తెలుసా? "ఏంరా, అప్పుడే నన్ను గోడకు ఎక్కిద్దామని చూస్తున్నవా?" నాకు నోట మాట రాలే. జరంతసేపటికి, "నిన్ను కాదు చిన్నమ్మ, నీ ముక్కుపుల్లను తీస్తున్న" అన్న. నవ్వింది. నవ్వమని చెప్పొద్దు, చెప్తే బిగుసుకుపోతరు. చాటల కందులు పోసి ఇచ్చిన, రాళ్లు ఏరుకుంట తన ఎడ్ల ముచ్చట చెప్పుకుంట కూసున్నది. నలభై ఫోటోలు తీస్తే ఒకటి కుదిరింది. ఒక్కటి చాలు.

స్టూడియోలోళ్ల పొట్ట కొడుతున్నవని ఒక తమ్ముడు అన్నడు. ప్రింటుకు వాళ్ల దగ్గరికే పోతున్నం కదా తమ్మీ. కాకపోతే తెల్లగ చేయొద్దని గట్టిగ చెప్పాలె. ఫోటో వాట్సాప్‌ల పంపేటప్పుడు డాక్యుమెంట్‌గ పంపండి, మామూలుగ పంపితే నాణ్యత తగ్గిపోతది.

చిన్నమ్మ ఫోటో ప్రింటు తెచ్చి ఇచ్చిన. గోడకు పెట్టనీయలే. పెట్టెల చీరల మీద పెట్టుకున్నది, ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తున్నది. నిన్న మా వాడకట్టు ముసలమ్మలు ముగ్గురు నా గడపల కూసున్నరు, ముక్కుపుల్లలు తోముకొని.